తరిగిన నేల, తరిగిన చేయి

ఒక వస్తువును తగ్గించడానికి ఆంగ్లంలో ఉన్నన్ని క్రియలు చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. అందులో మూడింటిని తీసుకుందాం. ‘కర్టెయిల్’ అన్న మాటకు మూలం తోక కత్తిరించిన గుర్రాన్ని సూచించే పాత ఫ్రెంచి పదం. అది ఒక్క వేటుతో జరిగే పని. ‘విటిల్’ అన్నది మొదట ఒక కత్తి పేరు. కర్రను పెచ్చులు పెచ్చులుగా చెక్కడం దాని భావం. ‘ఇరోడ్’కు లాటినులో మూలార్థం కొరికివేయడం. ఉట్నూరు ప్రాంతపు చరిత్రలో ఈ మూడూ ఒకదాని వెనుక ఒకటి కనబడతాయి.

మొదటిది వేటు. ఆదిలాబాదు కొండల్లో గోండులు, కొలాములు కొన్నేళ్ళు సాగుచేసిన నేలను బీడు వదిలి, సారం తిరిగి వచ్చాక మళ్ళీ దున్నేవారు. నిజాం ప్రభుత్వం రిజర్వు అడవులకు హద్దులు గీసినపుడు ఆ బీళ్ళు చాలావరకు అడవి లెక్కలోకి పోయాయి. పట్టా లేనివాడికి తన పొలంలోనే ఆక్రమణదారు అన్న పేరు మిగిలింది. కొమరం భీం పోరాటానికి నేపథ్యం ఇదే. 1940లో జోడేఘాట్ వద్ద పోలీసు కాల్పుల్లో ఆయన మరణించారు.

ఆ తరువాత నిజాం ప్రభుత్వం కారణాలు తెలుసుకోదలచింది. మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్ మార్లవాయి గ్రామంలో నివసించి గోండులను అధ్యయనం చేశారు. ఆయన సిఫారసులతో అక్కడ గోండు ఉపాధ్యాయుల శిక్షణ మొదలైంది, వేలాది కుటుంబాలకు పట్టాలు అందాయి. ఆయన భార్య బెట్టీ సమాధి నేటికీ మార్లవాయిలోనే ఉంది.

రెండవది చెక్కడం. రోడ్లు పడ్డాక మైదానాల నుండి రైతులు, వ్యాపారులు వచ్చారు. ఊరికి ఊరును ఎవరూ ఒక్కనాడు లాక్కోలేదు. ఒక చోట అప్పు కింద రెండెకరాలు, మరొక చోట ఏడాది కౌలని తీసుకుని తిరిగి ఇవ్వని చేను, ఇంకొక చోట నోటిమాటతో జరిగిన అమ్మకం. 1959 నాటి భూబదలాయింపు నిబంధన 1963లో తెలంగాణకు వర్తించింది. 1970 సవరణతో ఏజెన్సీలో గిరిజనేతరులు తమలో తాము కూడా భూమి అమ్ముకోరాదన్నారు. సుప్రీంకోర్టు 1988లో ఆ సవరణను సమర్థించింది. చట్టం గట్టిదే, కాని గొడ్డలిని ఆపినంత సులువుగా చట్టం చాకును ఆపలేదు. గొడ్డలి చప్పుడు చేస్తుంది, చాకు చేయదు. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో భూమి కోసం సభకు వచ్చిన గోండులపై పోలీసులు కాల్పులు జరిపారు. ప్రభుత్వ లెక్కలో మృతులు 13 మంది. పౌరహక్కుల సంఘాల లెక్క అంతకు ఎన్నో రెట్లు.

మూడవది కొరుకుడు. ఇందులో చేయి కనబడదు. 2000లో షెడ్యూల్డు ప్రాంతాల ఉపాధ్యాయ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అని జీవో 3 ఇచ్చారు. 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టివేసింది. మార్లవాయిలో గోండు ఉపాధ్యాయులతో మొదలైన ఆలోచన నుండి ఒక ముక్క అలా రాలిపోయింది. 2006 అటవీహక్కుల చట్టం పోడు రైతుకు హక్కు ఉందన్నది. అయినా ఒక దరఖాస్తు తిరస్కరణ, ఒక సర్వేలో తగ్గిన కొలత ఎవరి గొడ్డలి వేటుగానూ లెక్కకు రావు.

ఇక్కడ మన భాషే ఆంగ్లం కన్నా నిక్కచ్చిగా ఉందనిపిస్తుంది. మనకు ‘తరుగు’ ఒక్కటే క్రియ. ఆయుష్షు తరుగుతుంది, చెరువులో నీరు తరుగుతుంది. అక్కడ చేసేవాడు లేడు. వంకాయలను మాత్రం మనమే తరుగుతాం. అక్కడ కత్తిపీట ఉంది, చేయి ఉంది. ధాన్యం కొనేవాడు బస్తాకు ‘తరుగు’ తీసినపుడు ఈ రెండర్థాలూ కలిసిపోతాయి: గింజలు తమంతట తామే తగ్గినట్టు చెబుతారు, తీసింది మాత్రం ఒక మనిషి.

ఆదివాసుల భూమి తరిగిందని ఎన్నో నివేదికల్లో చదువుతాం. ఆ వాక్యంలో నేల నీటిలా ఇంకిపోయినట్టుంది. ఉట్నూరు చరిత్ర రాసేవారు ఆ క్రియకు కర్తను వెతికి చేర్చాలి. నేల తరగలేదు, నేలను తరిగారు.