చెరిపివేత చరిత్ర: ఫైలును తొలగించడం అంటే ఏమిటి?



పలక మీద రాసిన అక్షరాన్ని తడిగుడ్డతో తుడిస్తే అది పోతుంది. కంప్యూటర్‌లో ఫైలును తొలగించడం కూడా అలాంటిదేనని చాలామంది అనుకుంటారు. నిజానికి అది గ్రంథాలయంలో జరిగే పనికి దగ్గరగా ఉంటుంది. పుస్తకాల జాబితాలోంచి ఒక కార్డు తీసేశారనుకోండి. పుస్తకం బీరువాలోనే ఉంటుంది, కానీ వెతికేవారికి దొరకదు. ఆ చోటు ఖాళీ అని రాసుకున్నారు కాబట్టి రేపు అక్కడ ఇంకో పుస్తకం పెట్టవచ్చు. అప్పుడు పాతది నిజంగా పోతుంది.

అయితే కార్డు ఎలా తీయాలి, ఎవరు తీయవచ్చు, ఎవరైనా ఆ పుస్తకం చదువుతుండగా తీయవచ్చా అనే ప్రశ్నలకు ఒక్కో ఆపరేటింగ్ సిస్టమ్ ఒక్కో జవాబు చెప్పింది. మనిషి మౌస్‌తో ఒక ఫైలును తొలగించేటప్పుడు ఈ తేడాలు అంతగా తెలియవు. ఒక ప్రోగ్రాము తనంతట తాను వేల ఫైళ్లను తొలగించేటప్పుడు మాత్రం అవే ప్రాణాంతకం అవుతాయి. ఆ జవాబులు ఎలా పుట్టాయో ఈ పాఠంలో చూద్దాం.

యూనిక్స్: పేరును మాత్రమే తీసేయడం

అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ తయారుచేసిన యూనిక్స్‌కు మొదటి మాన్యువల్ 1971 నవంబరులో వెలువడింది. అందులో ఫైలును తొలగించే సిస్టమ్ కాల్ పేరు ‘డిలీట్’ కాదు, ‘అన్‌లింక్’. అంటే ముడి విప్పడం. ఈ పేరు వెనుక ఒక ఆలోచన ఉంది. యూనిక్స్‌లో డైరెక్టరీ అనేది కేవలం ఒక రిజిస్టరు. అందులో పేరు, దాని పక్కన ఒక సంఖ్య ఉంటాయి. అసలు ఫైలు వివరాలు ఆ సంఖ్య సూచించే ‘ఐనోడ్’ అనే చోట ఉంటాయి. ఒకే ఫైలుకు రెండు మూడు పేర్లు కూడా ఉండవచ్చు. అన్‌లింక్ ఒక పేరును కొట్టివేసి, పేర్ల లెక్కను ఒకటి తగ్గిస్తుంది. లెక్క సున్నా అయి, ఆ ఫైలును తెరిచి ఉంచిన ప్రోగ్రాము ఏదీ లేనప్పుడే డిస్కులో చోటు విడుదలవుతుంది.

దీనివల్ల రెండు విచిత్రమైన ఫలితాలు వస్తాయి. ఒక ప్రోగ్రాము చదువుతున్న ఫైలును మరొక ప్రోగ్రాము తొలగించవచ్చు, చదివేవారికి ఆటంకం ఉండదు. రెండవది, ఫైలును తొలగించే హక్కు ఆ ఫైలు మీద కాక, దాని పేరున్న డైరెక్టరీ మీద రాసే అనుమతిని బట్టి ఉంటుంది. మార్చడానికి వీలులేని ఫైలును కూడా తొలగించవచ్చన్నమాట!

డైరెక్టరీల సంగతి ఇంత సులువు కాదు. లోపల ఫైళ్లున్న డైరెక్టరీ పేరును కొట్టేస్తే, లోపలివన్నీ చిరునామా లేని అనాథలవుతాయి. అందుకే ఖాళీ డైరెక్టరీనే తొలగించాలనే నియమం వచ్చింది. 1979 నాటి ఏడవ సంచికలో కూడా దీనికి ప్రత్యేక సిస్టమ్ కాల్ లేదు. ప్రత్యేకాధికారంతో నడిచే ఒక చిన్న ప్రోగ్రాము ఆ పని చేసేది. 1983లో బర్కిలీ విశ్వవిద్యాలయం విడుదల చేసిన 4.2 బీఎస్‌డీ ‘ఆర్‌ఎండిర్’ను సిస్టమ్ కాల్‌గా మార్చింది.

సీపీ/ఎం, డాస్: మొదటి అక్షరం మీద ఒక గుర్తు

చిన్న కంప్యూటర్ల దారి వేరు. 1974లో గ్యారీ కిల్డాల్ రాసిన సీపీ/ఎం ఫ్లాపీ డిస్కుల కోసం పుట్టింది. కొత్త 8 అంగుళాల ఫ్లాపీలు ‘ఇ5’ అనే బైటుతో నిండి వచ్చేవి. కాబట్టి జాబితాలో ఇ5 కనిపిస్తే ఆ గడి ఖాళీ అని అర్థం. ఫైలును తొలగించాలంటే దాని గడి మొదటి బైటును ఇ5గా మారిస్తే చాలు. 1981లో వచ్చిన ఎంఎస్-డాస్ కూడా ఇదే గుర్తును స్వీకరించింది. డాస్‌లో పేరులోని మొదటి అక్షరం మీదే ఈ గుర్తు పడేది. ఫైలు ఏయే ముక్కలుగా ఉందో చెప్పే పట్టిక మాత్రం చెరిగిపోయేది.

అందుకే పోయిన ఫైళ్లను తిరిగి తెచ్చే సాధనాలు పుట్టాయి. 1991 నాటి ఎంఎస్-డాస్ 5.0లో ‘అన్‌డిలీట్’ ఆదేశం చేరింది. అది పోయిన మొదటి అక్షరం ఏమిటని మనల్నే అడిగేది. 1993లో 6.0తో ‘డెల్‌ట్రీ’ వచ్చి, మొత్తం డైరెక్టరీని లోపలివాటితో సహా ఒక్క ఆదేశంతో తొలగించే వీలు కలిగించింది.

ఇక్కడ నా స్వానుభవం ఒకటి చెప్పాలి. 1994లో నేను ఒక కళాశాల కంప్యూటర్ ల్యాబులో కొత్తగా చేరాను. రోజూ సాయంత్రం తాత్కాలిక ఫైళ్లను ఖాళీ చేయడానికి రెండు వరుసల బ్యాచ్ ఫైలు రాశాను. మొదటి వరుస తాత్కాలిక డైరెక్టరీలోకి వెళ్లమంటుంది. రెండవది అక్కడున్నవన్నీ తొలగించమంటుంది. ‘నిశ్చయమేనా?’ అని డాస్ అడిగే ప్రశ్నకు ‘అవును’ అనే జవాబు కూడా అందులోనే పెట్టాను. ఒకనాడు ఎవరో ఆ డైరెక్టరీ పేరు మార్చారు. మొదటి వరుస విఫలమైంది. రెండవ వరుస మాత్రం తానున్న చోటే పని పూర్తి చేసింది. అక్కడ ఒక ఎమ్మెస్సీ విద్యార్థిని ఏడాదిపాటు సేకరించిన వర్షపాతం కొలతలు ఉన్నాయి. అన్‌డిలీట్‌తో చిన్న ఫైళ్లు తిరిగి వచ్చాయి. ముక్కలుగా పరచుకుని ఉన్న పెద్ద ఫైళ్లు రాలేదు. ఆ అమ్మాయి తన నోటు పుస్తకాల నుండి అంకెలన్నీ మళ్లీ ఎక్కించుకుంది. నన్ను ఒక్క మాట కూడా అనలేదు. ఆ మౌనమే నాకు పెద్ద పాఠం.

చెత్తబుట్ట ఎవరికి?

1984లో యాపిల్ మెకింటోష్ తెర మీద చెత్తబుట్ట బొమ్మ కనిపించింది. 1995లో విండోస్ 95 రీసైకిల్ బిన్‌ను తెచ్చింది. పొరపాటున పారేసినా తిరిగి తీసుకోవచ్చు. కానీ ఈ సౌకర్యం తెర ముందున్న మనిషి కోసం. ఒక ప్రోగ్రాము మామూలు తొలగింపు ఆదేశం ఇస్తే ఫైలు చెత్తబుట్టలోకి వెళ్లదు, నేరుగా పోతుంది.

విండోస్ మరొక విషయంలోనూ యూనిక్స్‌కు భిన్నం. ఒక ప్రోగ్రాము తెరిచి ఉంచిన ఫైలును, ఆ ప్రోగ్రాము ముందుగా అంగీకరించకపోతే, మరొకరు తొలగించలేరు. చదవడానికి మాత్రమే అని గుర్తున్న ఫైలునూ సాధారణంగా తొలగించనివ్వదు. లైనక్స్‌లో చక్కగా నడిచిన ప్రోగ్రాము విండోస్‌లో సగంలో ఆగిపోవడానికి తరచూ ఇవే కారణాలు.

ఒకే మాట కోసం ప్రయత్నం

ఒకే ప్రోగ్రాము అన్ని యంత్రాల మీదా నడవాలంటే అందరికీ ఒక ఉమ్మడి మాట కావాలి. 1988 నాటి పోసిక్స్ ప్రమాణం యూనిక్స్ కుటుంబానికి ఆ పని చేసింది. 1989లో సి భాష ప్రమాణాన్ని రూపొందించిన సంఘం, అన్‌లింక్ అనేది యూనిక్స్‌కు చెందిన భావన కాబట్టి దాన్ని వదిలి ‘రిమూవ్’ అనే పేరు ఎంచుకుంది. తెరిచి ఉన్న ఫైలును తొలగిస్తే ఏమవుతుందో మాత్రం చెప్పలేదు, దాన్ని ఆయా వ్యవస్థలకే వదిలింది. సి++ భాషకు డైరెక్టరీలను తొలగించే ప్రామాణిక సాధనం 2017లో గానీ రాలేదు.

జావా కథ కూడా గమనించదగినది. 1996 నాటి జావాలో తొలగింపు విఫలమైతే ‘కాదు’ అనే జవాబు మాత్రమే వచ్చేది, కారణం తెలిసేది కాదు. ఆ జవాబును చూడకుండా ముందుకు సాగిన ప్రోగ్రాములెన్నో! 2011లో వచ్చిన జావా 7 కొత్త పద్ధతిలో వైఫల్యాన్ని కారణంతో సహా ప్రకటించింది. పేరు ఒక్కటి చేసినంత మాత్రాన ప్రవర్తన ఒక్కటి కాదని ఈ చరిత్ర చెబుతోంది.

చెట్టును నరికేటప్పుడు

నిండిన డైరెక్టరీని తొలగించాలంటే ముందు ఆకులు, తరువాత కొమ్మలు, చివరకు మాను. లోపలి ఫైళ్ల నుండి బయటికి రావాలి. ఇందులో ఒక ఉచ్చు ఉంది. 4.2 బీఎస్‌డీలోనే వచ్చిన ‘సింబాలిక్ లింకు’ మరో చోటికి దారి చూపే పలక వంటిది. తొలగించే ప్రోగ్రాము ఆ దారి వెంట వెళ్తే, మన చెట్టు కాక పక్కవారి చెట్టు నరికినట్లవుతుంది. పలకను పీకాలి తప్ప దారి పట్టకూడదు. అది పలకేనా అని చూసిన క్షణానికీ, నరికే క్షణానికీ మధ్య ఎవరైనా దాన్ని మార్చవచ్చు కూడా. రస్ట్ భాష ప్రామాణిక లైబ్రరీలో ఈ లోపమే బయటపడి, 2022 జనవరిలో దాన్ని సరిదిద్దారు.

1998లో పిక్సార్ సంస్థలో ‘టాయ్ స్టోరీ 2’ చిత్రం ఫైళ్ల మీద ఎవరో తొలగింపు ఆదేశం నడిపారు. చిత్రంలో సుమారు 90 శాతం కళ్ల ముందే మాయమైంది. బ్యాకప్ ఉంది కదా అనుకుంటే అదీ సరిగా పని చేయడం లేదు. కొద్దికాలం ముందు బిడ్డకు జన్మనిచ్చి ఇంటి నుండి పని చేస్తున్న గేలిన్ సస్మన్ కంప్యూటర్‌లో ఒక ప్రతి ఉండబట్టి గండం గడిచింది. 2015లో ఒక ఆటల సాఫ్ట్‌వేర్‌కు చెందిన లైనక్స్ స్క్రిప్టులో డైరెక్టరీ పేరు ఉండాల్సిన చోట శూన్యం వచ్చింది. దాంతో అది డిస్కు మూలం నుండి తొలగించడం మొదలుపెట్టింది. నా రెండు వరుసల బ్యాచ్ ఫైలులోని తప్పూ ఇదే: ‘ఎక్కడ?’ అని నిర్ధారించుకోకుండా ‘తొలగించు’ అనడం.

ఇంట్లో ఒక చిన్న ప్రయోగం చేయండి. విలువ లేని ఒక ఫైలును లైనక్స్‌లో ఒక ప్రోగ్రాముతో తెరిచి ఉంచి తొలగించండి. విండోస్‌లో ఒక పత్రాన్ని వర్డ్‌లో తెరిచి అదే పని చేయండి. మొదటిది ఒప్పుకుంటుంది, రెండవది కాదంటుంది. యాభై ఏళ్ల చరిత్ర మీ కళ్ల ముందే కనిపిస్తుంది.

ఇక ప్రోగ్రాము రాసేటప్పుడు మూడు పనులు మరవకండి. ఎక్కడ ఉన్నామో పూర్తి చిరునామాతో నిర్ధారించుకోండి. ముందడుగు విఫలమైతే అక్కడే ఆగండి. తొలగించబోయే వాటి జాబితాను ముందు తెర మీద చూపించి, ఆ తరువాతే తొలగించండి. నేటి ఎస్‌ఎస్‌డీలలో తొలగించిన చోటును డిస్కే త్వరగా ఖాళీ చేసుకుంటుంది కాబట్టి, పాత అన్‌డిలీట్ మీద ఆశ పెట్టుకోలేం. మీరు తుడిచేది మరొకరి ఏడాది శ్రమ కావచ్చు.