పొది నుంచి కిట్ బ్యాగ్ దాకా

బ్యూటీ పార్లర్ అనే గది మన పల్లెల్లోకి వచ్చి ఎంతో కాలం కాలేదు. ఇళ్ళకి వెళ్ళి ఒంటికీ జుట్టుకీ గోళ్ళకీ సేవ చెయ్యడం మాత్రం చాలా పాత వృత్తి. ఇవాళ గణపవరంలో ఉంటూ, స్కూటీ మీద పిప్పరకో సరిపల్లెకో నిడమర్రుకో వెళ్ళి ఐబ్రోస్, ఫేషియల్, పెళ్ళికూతురి మేకప్ చేసి వచ్చే అమ్మాయికి తన పని కొత్తగా అనిపించవచ్చు. నిజానికి కొత్తది ఒకటే: ఏ పనులు చేస్తుందో, ఏవి చెయ్యదో ఆమే రాసుకోగలగడం. వెనకటివాళ్ళకి ఆ వీలు లేదు.

గోదావరి డెల్టా ఊళ్ళలో ఒకప్పుడు మంగలి పొది చంకన పెట్టుకుని ఇంటి అరుగు దగ్గరికే వచ్చేవాడు. క్షవరం, గడ్డం, గోళ్ళు, నూనె మర్దనా ఆయన పనులే. సెగగడ్డ లేస్తే కోసి కట్టు కట్టడమూ ఆయనే. పెళ్ళిలో కొనగోళ్ళు తియ్యాలి, సన్నాయి ఊదాలి. వాళ్ళ ఇళ్ళ ఆడవాళ్ళలో మంత్రసానులుండేవారు. పురుడు పోసి, బాలింతకి స్నానం చేయించి, పసిబిడ్డకి నలుగు పెట్టేవారు. గాజుల మలారం మోసుకుంటూ గాజులవాళ్ళు వచ్చేవారు. ఎరుకల స్త్రీలు సోదె చెప్పి, పచ్చబొట్లు పొడిచి వెళ్ళేవారు. సున్నిపిండి, కుంకుడు రసం, గోరింటాకు సంగతి ఇంట్లో ఆడవాళ్ళే చూసుకునేవారు. కులవృత్తివాళ్ళకి డబ్బు ముట్టడం తక్కువ. పంట నూర్చినప్పుడు కళ్ళంలో కొలిచిచ్చే మేరే జీతం.

ఎవరు ఏ పని చెయ్యాలో పుట్టుకే తేల్చేసేది. మేర తీసుకున్నవాడు పిలిస్తే రావాలి, చెప్పింది చెయ్యాలి. అలా చేసిన పనుల్లో ఇప్పుడు తలుచుకుంటేనే గుండె కలుక్కుమనేది ఒకటుంది. కొన్ని కులాల్లో మొగుడు పోయిన ఆడదానికి, పదేళ్ళ పిల్లయినా సరే, శిరోముండనం చేయించేవారు. కత్తి పట్టుకోవాల్సినవాడు మంగలి. ఆ ఆచారాన్ని పెట్టింది అతను కాదు. అయినా ఆ పిల్ల కళ్ళ ముందు నిలబడేది అతనే.

వీరేశలింగం పంతులు 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించిన సంగతి మనం బడిలోనే చదువుకున్నాం. ఈ కథని మనం చదువుకున్నవాళ్ళ వైపు నుంచే చెప్పుకుంటాం. కత్తి పట్టుకున్నవాడి వైపు నుంచీ ఒక కథ ఉంది, కాకపోతే అది బొంబాయిలో జరిగింది. ఫూలే సహచరుడు, మిల్లు కార్మికుల నాయకుడు, 'దీనబంధు' పత్రిక నడిపిన నారాయణ మేఘాజీ లోఖండే పూనికతో 1890లో అక్కడి క్షురకులు వందల సంఖ్యలో సభ పెట్టుకున్నారు. ఇక మీదట వితంతువుల తలలు గొరగబోమని తీర్మానించారు. చట్టం వాళ్ళని అడగలేదు, సంస్కర్తల ఇళ్ళలో పెళ్ళిళ్ళూ వాళ్ళవి కావు. తమ పనుల జాబితాలోంచి ఒక పనిని తామే కొట్టేశారు. వృత్తి చేసుకునేవాడు తన పనిని ఎంచుకోవడమంటే ఏమిటో అడిగితే నేను ముందుగా ఈ సభనే చెబుతాను.

అయితే కాదనడంలో రెండో రకమూ ఉంది, దాన్ని దాచకూడదు. అదే మంగలి కత్తి దళితుల గడ్డానికి ఆనేది కాదు. కొంత భయం వల్ల, కొంత తనకంటే కింద ఇంకొకరున్నారన్న తృప్తి వల్ల. అంటరానితనం పేరుతో సేవ నిరాకరించడం 1955 చట్టంతో నేరమైంది. ఒక పనిని చెయ్యననడం వేరు, ఒక మనిషికి చెయ్యననడం వేరు. ఈ తేడా ఇవాళ కిట్ బ్యాగ్ సర్దుకునే అమ్మాయికీ వర్తిస్తుంది. ఊళ్ళో ఏ రేటుకి చేస్తుందో పేటలోనూ అదే రేటుకి చెయ్యాలి, అదే శుభ్రతతో చెయ్యాలి. "అక్కడికీ వెళ్తావా, అయితే మా ఇంటికి రావద్దు" అనేవాళ్ళు ఎదురైతే ఏం చేస్తుందన్నది ఫేషియల్ కంపెనీ ఎంచుకోవడం కన్నా పెద్ద ప్రశ్న.

ఇక పనుల సంగతి. కొల్లేరు చుట్టూ చేపల చెరువులు, రొయ్యల చెరువులు వచ్చాక ఈ ప్రాంతంలో పెళ్ళిళ్ళ ఖర్చు తీరే మారింది. పెళ్ళికూతురి మేకప్, చీర కట్టడం, పూలజడ ఒక్క ముహూర్తానికే మంచి డబ్బు తెస్తాయి, కానీ ఆషాఢంలో ఖాళీ. ఐబ్రోస్‌కి దారం రీలు చాలు, మూడు నాలుగు వారాలకోసారి అదే ఇంటికి మళ్ళీ పిలుపొస్తుంది. పెడిక్యూర్‌కి టబ్బు మొయ్యక్కర్లేదు, ఆ ఇంటి బేసినే చాలు. జుట్టు రంగుల్లో చాలావాటిలో పీపీడీ అనే రసాయనం ఉంటుంది, కొందరికి పడదు. రెండు రోజుల ముందే చెవి వెనక కాస్త రాసి చూడాలి. అరగంటలో నల్లగా పండే కోను మెహందీలో తరచూ కలిసేదీ అదే. గోరింటాకు ఎర్రగానే పండుతుంది, నల్లగా పండదు. పులిపిర్లు, పుట్టుమచ్చలు తియ్యడం డాక్టరు పని. వెనకటి మంగలి సెగగడ్డ కోశాడంటే ఊళ్ళో ఇంకెవరూ లేక.

అన్నిటికన్నా కష్టమైన కోరిక ఒకటుంది. "అమ్మాయికి పెళ్ళిచూపులు, వారంలో రంగు తేలాలమ్మా." 1975లో వచ్చిన ఫెయిర్ అండ్ లవ్లీ 2020లో పేరులోంచి ఫెయిర్ అన్న మాట తీసేసింది గానీ, ఆ కోరిక మన ఇళ్ళలోంచి పోలేదు. త్వరగా తెల్లబరుస్తామనే పేరులేని క్రీముల్లో స్టెరాయిడ్లో పాదరసమో ఉండే ప్రమాదం ఉంది. స్టెరాయిడ్ వాడినన్నాళ్ళూ మొహం మెరుస్తుంది, ఆపితే మంట, మొటిమలు, ఎర్రదనం. అందుకే 2018లో కేంద్రం పలు స్టెరాయిడ్ పూతమందుల్ని డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదంది.

ఇలాంటి క్రీమ్ రాయనని ఒక్క అమ్మాయి అంటే, పక్క వీధి అమ్మాయికి ఫోన్ వెళ్తుంది. పోయిన డబ్బు ఆమెదే. బొంబాయి క్షురకులకీ ఇది తెలుసు గనకే ఒక్కొక్కరుగా కాక సభ పెట్టి మరీ చెప్పారు. మండలంలో ఈ పని చేసే ఆడవాళ్ళు ఇప్పుడు తక్కువేం కాదు, డ్వాక్రా సంఘాల్లో కలిసి కూర్చోవడం మనవాళ్ళకి కొత్తా కాదు. రేట్లు మాట్లాడుకునే రోజున, ఏది చెయ్యకూడదో కూడా ఒక కాగితం మీద రాసుకుంటే సరిపోతుంది.