రెండు రెక్కల చరిత్ర

తేనెటీగకు నాలుగు రెక్కలు. ఈగకు రెండే. మిగతా రెండింటి చోట గుండుసూది తలలాంటి చిన్న పుల్లలు ఉంటాయి. ఎగిరేటప్పుడు తూకం తప్పకుండా చూసేవి అవే. దోమ, జోరీగ, పండుఈగ అన్నీ ఈ రెండు రెక్కల జాతివే.

మన దేశపు ఈగల గురించి పెద్ద పుస్తకాలు రాసిన ఎన్రికో బ్రూనెట్టి వృత్తిరీత్యా సంగీతకారుడు. 1862లో పుట్టారు. ఈగల మీద ఇష్టంతో వాటిని సొంతంగా చదువుకున్నారు. 1904లో కలకత్తా చేరి చాలా ఏళ్లు అక్కడే ఉన్నారు. ఇండియన్ మ్యూజియంలో సూదులకు గుచ్చి దాచిన ఈగలను భూతద్దం కింద పెట్టి రెక్కల ఈనెలు, ఒంటి మీది ముళ్లవెంట్రుకలు, మీసాల ఆకారం పోల్చి చూశారు. బ్రిటిష్ ఇండియా జంతుజాలం గ్రంథమాలలో ఆయన సంపుటాలు 1912, 1920, 1923లో వెలువడ్డాయి. ఒక్కొక్కసారి ఒకే ఒక్క ఈగను చూసి కొత్త జాతి అని పేరు పెట్టవలసి వచ్చింది. అలా పెట్టిన పేర్లలో కొన్ని పాత జాతులవేనని తర్వాతివారు తేల్చారు. శాస్త్రం అలా దిద్దుకుంటూనే నడుస్తుంది.

ఆ పేజీల్లో దార్జిలింగ్, కలకత్తా వంటి ఊళ్లు తరచూ కనిపిస్తాయి. ఈగలు అక్కడే ఎక్కువని దీని అర్థం కాదు. వల పట్టుకున్నవారు వెళ్లిన చోట్లే పుస్తకంలోకి ఎక్కాయి. అడవిలో దారి చూపినవారి పేర్లు మాత్రం ఇలాంటి గ్రంథాల్లో అరుదు.

ఈ ఖాళీని మనం పూరించవచ్చు. పూల దగ్గర గాలిలో కదలకుండా నిలబడే పసుపు, నలుపు చారల ఈగను చూసే ఉంటారు. తేనెటీగలా కనిపిస్తుంది కానీ కుట్టదు. వీటిలో చాలా రకాల పిల్లపురుగులు పేనుబంకను తిని పైరును కాపాడతాయి. దాని పేరు తెలియనివాళ్లు చీడ అనుకుని మందు కొడతారు.

ఉపాధ్యాయులు పిల్లలతో ఒక నోటుపుస్తకం పెట్టించండి. తేదీ, ఊరు, వాగు లేదా గుట్ట పేరు, వాలిన చెట్టు, మన భాషలో దాని పేరు, చూసిన పిల్లవాడి పేరు రాయించండి. ఎక్కడ, ఎప్పుడు దొరికిందో తెలియని ఈగ మ్యూజియంలో ఉన్నా శాస్త్రానికి పెద్దగా పనికిరాదు. ఆ వివరాలు సరిగా రాసి ఉంటే, ఈగ పేరు పదేళ్ల తర్వాత తేలినా, దాన్ని మొదట చూసింది ఎవరో చరిత్రలో నిలుస్తుంది.