పోపు గారి తల్లి, ఉపదేశి గారి భార్య

ఆ చిన్న గదిలో దీపాలు వెలగాలంటే గోడకున్న పెట్టెలో నాణెం వెయ్యాలి. కొద్దిసేపు వెలిగి వాటంతట అవే ఆరిపోతాయి. మా బృందంలో ఎవరో నాణెం వేశారు. అంతవరకు మసగ్గా ఉన్న గోడలూ కప్పూ ఒక్కసారిగా బంగారు రంగులో మెరిశాయి. అందరం తలెత్తి కప్పు చూస్తున్నాం. అమ్మ మాత్రం ఒక పక్కగా, కింద వరసలో ఉన్న నలుగురు స్త్రీల బొమ్మల దగ్గర ఆగిపోయింది.

"ముగ్గురికి తల వెనక గుండ్రంగా ఉంది, ఈవిడకేంటే పలకలా ఉంది?" అంది.

రోమ్‌లో సాంత ప్రస్సేదె చర్చి అది. ఆ గది పునీత జేనో పేరున ఉన్న చాపెలు. 817 నుంచి 824 దాకా పోపుగా ఉన్న మొదటి పాస్కల్ దాన్ని కట్టించాడు. రంగు రాళ్ల ముక్కలు పొదిగి చేసిన ఆ నలుగురిలో ఒకరు మరియమ్మ, ఇద్దరు ప్రాక్సేదిస్, పుదెన్సియాన అనే పునీత సోదరీమణులు. నాలుగో ఆవిడ థియొడోరా. తల వెనక పలక ఉందంటే ఆ బొమ్మ చేసేనాటికి ఆ మనిషి బతికే ఉందని గుర్తు. తలపైన లాటిన్‌లో ఒక మాట రాసి ఉంది: ఎపిస్కోపా.

ఎపిస్కోపుస్ అంటే బిషప్పు. మన కథోలికుల తెలుగులో మేత్రాణి. ఎపిస్కోపా దానికి స్త్రీలింగం.

మాకు దారి చూపిస్తున్నది రోమ్‌లో చదువుకుంటున్న ఒక తెలుగు ఫాదర్. మంచివాడు, ఓపికస్తుడు. అమ్మ అడిగితే ఆగి చెప్పాడు. "ఆవిడ పోపు గారి తల్లి అమ్మా. ఎపిస్కోపా అంటే, గౌరవంగా అలా రాశారన్నమాట." దీపాలు ఆరిపోయాయి. అందరం బయటికి నడిచాం.

2019 ఫిబ్రవరిలో గుంటూరు జిల్లా నుంచి వెళ్లిన ఆ తీర్థయాత్రలో మేం ఇరవై ఇద్దరం. పదహారు మంది ఆడవాళ్లు. చాలామంది అమ్మ వయసువాళ్లు, మోకాళ్లకు పట్టీలు కట్టుకుని, సంచుల్లో పచ్చళ్లు పెట్టుకుని వచ్చినవాళ్లు. నేను చర్చికి వెళ్లడం మానేసి చాలా ఏళ్లయింది. డిగ్రీ కాలేజీలో చరిత్ర చెబుతాను. అమ్మకు తోడుగా వెళ్లాను. ఆ పది రోజుల్లో నాకు బాగా తెలిసొచ్చిన మాట ఒకటుంది. అది 'అంటే' అనే మాట.

పేతురు సమాధి దగ్గర, పౌలు సమాధి దగ్గర ఫాదర్ 'అంటే' అనలేదు. పేతురు అపొస్తలుడు, పౌలు అపొస్తలుడు, అంతే. ఒక స్త్రీ పేరు పక్కన ఏదైనా హోదా కనిపించినప్పుడే 'అంటే' వచ్చేది. దాని వెనకే ఒక చుట్టరికమో, ఒక సేవో వచ్చేది. ఎపిస్కోపా అంటే తల్లి. డీకను అంటే సేవ చేసే ఆవిడ.

థియొడోరా పూజ చేసిందనీ, గురుపట్టం ఇచ్చిందనీ నేను వాదించడం లేదు. 567లో ఫ్రాన్స్‌లోని తూర్‌లో జరిగిన సభ నిబంధనల్లో ఎపిస్కోపా అనే మాట బిషప్పు భార్య అనే అర్థంలో ఉంది. కాబట్టి ఆ మాటకు ఒకే అర్థం ఉండేదని చెప్పలేం. కానీ స్త్రీవాద చరిత్రకారులు అడిగిన ప్రశ్న చిన్నదే, సూటిగా ఉంది. కొడుకు పోపు కాబట్టి తల్లికి ఆ హోదా వచ్చిందంటే, తండ్రి బొనోసుస్‌కు ఏ హోదా ఎందుకు రాలేదు? ఇంకొకటి కూడా ఉంది. ఆ గోడ మీద థియొడోరా పేరు చివర, ఆడమనిషి అని తెలిపే అక్షరాల దగ్గరే, రాళ్లు దెబ్బతిన్నాయి. ఎవరో కావాలని చెరిపారని కొందరంటారు, మరమ్మతుల్లో పోయాయని కొందరంటారు. ఎలా పోయినా పోయింది ఆ అక్షరాలే.

ఆ రాత్రి హోటల్లో అమ్మ జపమాల ముగించి పడుకున్నాక నాకు ఎగేరియా గుర్తొచ్చింది. 4వ శతాబ్దం చివర్లో, 381-384 ప్రాంతంలో, పడమటి దేశాల నుంచి బయలుదేరి జెరూసలేము, సీనాయి కొండ, ఈజిప్టు, సిరియా తిరిగిన స్త్రీ. చూసినవన్నీ తన ఊళ్లో ఉన్న 'సోదరీమణులకు' లాటిన్‌లో ఉత్తరంగా రాసింది. యాత్రలకు మగవాళ్లు తీసుకెళితే వెనక నడిచిన మనిషి కాదావిడ. ఎక్కడ ఆగాలో, ఏం చదవాలో తనే తేల్చుకుంది. ఆ రాత ఎన్నో శతాబ్దాలు ఎవరికీ తెలియకుండా ఉండి, 1884లో ఇటలీలోని అరెజ్జోలో ఒక 11వ శతాబ్దపు ప్రతిగా దొరికింది. మొదలూ చివరా లేవు. రాసినావిడ పేరు కూడా లేదు. ముందు ఇంకొకరి పేరు పెట్టారు. 7వ శతాబ్దపు వలేరియస్ అనే సన్యాసి ఆమెను పొగుడుతూ రాసిన ఉత్తరం ఆధారంగా 1903లో గానీ ఎగేరియా అనే పేరు తిరిగి రాలేదు.

ఎగేరియా సెలూకియ దగ్గర పునీత తెక్ల గుడికి వెళ్లినప్పుడు అక్కడ తన పాత స్నేహితురాలు మర్తాన కనిపించిందని సంతోషంగా రాసుకుంది. మర్తాన అక్కడి మఠాలను నడిపే డీకను. ఎగేరియా ఆ మాట మామూలుగా రాసి ముందుకు సాగిపోయింది. 'అంటే' అనలేదు. రాసేదీ స్త్రీలే, చదివేదీ స్త్రీలే అయినప్పుడు ఆ అవసరం రాలేదు.

మర్నాడు వియా సలారియాలోని ప్రిస్కిల్ల కాటకూంబుకు వెళ్లాం. కాటకూంబులంటే నేలకింద మెత్తటి రాతిలో తొలిచిన సమాధుల సొరంగాలు. అక్కడివి దాదాపు పదమూడు కిలోమీటర్లు. అమ్మ నా భుజం పట్టుకుని ఒక్కో మెట్టు దిగింది. లోపల చల్లగా, తడి మట్టి వాసన. గోడల నిండా అరలు, చాలా అరలు పసిపిల్లలంత పొడవే. అమ్మ వాటిని చేత్తో తడమబోతే ఫాదర్ వద్దన్నాడు.

అక్కడ ముసుగు వేసుకున్న స్త్రీ బొమ్మ ఒకటుంది, 3వ శతాబ్దం రెండో సగం నాటిది. ముదురు ఎరుపు బట్టలో, రెండు చేతులూ పైకెత్తి నిలబడి ఉంటుంది. పూజలో గురువులు చేతులు ఎత్తే తీరు అదే. అటూ ఇటూ రెండు చిన్న బొమ్మలు. ఒక పక్క కుర్చీలో కూర్చున్న పెద్దాయన ముందు నిలబడిన యువతి, ఇంకో పక్క ఒడిలో బిడ్డతో తల్లి. అధికారికంగా చెప్పే అర్థం ఇది: ఒక పక్క పెళ్లి, ఒక పక్క తల్లితనం, మధ్యలో స్వర్గంలో ప్రార్థన. మొదటిది పెళ్లి కాదు, సంఘంలో ఏదో బాధ్యతలోకి తీసుకోవడం అని చదివినవాళ్లూ ఉన్నారు. 2013 నవంబరులో ఆ బొమ్మలను శుభ్రం చేసి మళ్లీ జనానికి చూపించినప్పుడు వాటికన్ నిపుణులు ఆ రెండో మాటను కట్టుకథ అని కొట్టిపారేశారు.

దగ్గర్లోనే గ్రీకు చాపెలు అని పిలిచే గది. అందులో 1890లలో జోసెఫ్ విల్పెర్ట్ బయటపెట్టిన బొమ్మలో ఏడుగురు బల్ల దగ్గర కూర్చుని ఉంటారు, ఒకరు రొట్టె విరుస్తుంటారు. ఆ ఏడుగురిలో ఒక స్త్రీ ఉందని విల్పెర్టే ఒప్పుకున్నాడు. మిగిలినవాళ్ల గురించే తగాదా. గడ్డం ఉందా లేదా, జుట్టు ఎలా ముడిచారు, బట్ట ఎంత పొడుగు అని వంద ఏళ్లుగా కొలుస్తున్నారు. కూర్చున్నవాళ్లు మగవాళ్లేనని మొదటే అనుకున్నవాళ్లు ఆ కొలతలు అడగరు. ఆడవాళ్లేమో అన్నవాళ్లనే రుజువు అడుగుతారు.

పైకి వచ్చాక ఎండలో బెంచీ మీద కూర్చుని ఫాదర్‌ను ఫీబే గురించి అడిగాను. పౌలు రోమీయులకు రాసిన లేఖ 16వ అధ్యాయంలో మొట్టమొదట వచ్చే పేరు ఆమెదే. కెంక్రేయ సంఘానికి ఆమె దియాకొనొస్. పౌలు తన గురించి కూడా ఆ గ్రీకు మాటే వాడుకున్నాడు. మన ఇళ్లలో ఎక్కువగా కనిపించే పాత తెలుగు బైబిలులో ఫీబే 'పరిచారకురాలు'. ఫిలిప్పీయులకు రాసిన లేఖ మొదట్లో సంఘ పెద్దల వరసలో వచ్చే మాట కూడా 'పరిచారకులు' అనే. కాబట్టి అనువాదకులను తప్పుపట్టడానికి లేదు. వినే మన చెవిలోనే తేడా ఉంది. పరిచారకులు అంటే ఒక పదవి వినిపిస్తుంది. పరిచారకురాలు అంటే కంచాలు తీసే మనిషి కనిపిస్తుంది.

అదే అధ్యాయంలో అపొస్తలుల్లో పేరున్నదిగా యూనియ వస్తుంది. 4వ శతాబ్దంలో జాన్ క్రిసొస్తొమ్ ఆమెను స్త్రీగానే పొగిడాడు. తర్వాతి కాలంలో ఆ పేరును మగపేరుగా చదవడం మొదలుపెట్టారు. పండితులు వాడే గ్రీకు ప్రతిలోనే 1927లో మగపేరు చేశారు, 1998లో మళ్లీ స్త్రీ పేరు చేశారు. అపొస్తలురాలిని ఒప్పుకోవడం కష్టమై, అలాంటి పేరున్న మగవాడు ఆ కాలపు రాతల్లో ఎక్కడా దొరక్కపోయినా, ఒక మగవాణ్ణి పుట్టించారు.

ఫాదర్ అంతా విని, "చదివానండీ, సెమినరీలో చెప్పారు. కానీ బస్సులో ఇవన్నీ చెప్పడం కష్టం" అన్నాడు. నిజాయితీగానే అన్నాడు. నాకు కోపం రాలేదు. మగ్దలా మరియను పాపాత్మురాలైన స్త్రీతో కలిపి 591లో పోపు గ్రెగరీ చేసిన ప్రసంగాన్ని సరిదిద్దడానికి సభకు 1969 దాకా పట్టింది. ఆమె స్మరణను అపొస్తలుల పండుగలతో సమానం చేసింది 2016లో. అదే ఏడాది స్త్రీ డీకనుల గురించి పోపు ఫ్రాన్సిస్ ఒక కమిషన్ వేశారు, 2020లో మరొకటి. తలుపు మాత్రం తెరుచుకోలేదు. ఒక్క ఫాదర్ బస్సులో ఏం చేస్తాడు?

అప్పటిదాకా మాట్లాడకుండా వింటున్న అమ్మ ఉన్నట్టుండి, "మా అమ్మ చేసిందంతా ఇదేగా" అంది.

మా తాత ఉపదేశి. కృష్ణా కాలువ పక్కన ఉన్న మాలపల్లెలో విచారణ గురువులు నెలకో రెండు నెలలకో ఒకసారి వచ్చి పూజ చేసి వెళ్లేవారు. మిగతా రోజులన్నీ ఉపదేశివే. తాత చుట్టుపక్కల ఊళ్లు తిరుగుతుంటే పల్లెలో ఉన్నది అమ్మమ్మ. నాట్ల నుంచి వచ్చిన ఆడవాళ్లకు రాత్రిపూట లాంతరు దగ్గర జపాలు నేర్పింది అమ్మమ్మ. పిల్లలను దివ్యసత్ప్రసాదానికి తయారుచేసింది అమ్మమ్మ. పురిట్లో బిడ్డ దక్కదని తెలిస్తే మంత్రసానితో పాటు అమ్మమ్మకు కబురొచ్చేది. ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఎవరైనా జ్ఞానస్నానం ఇవ్వొచ్చని సభ చెబుతుంది. చెంబులో నీళ్లు తీసుకుని ఆమె ఎంతమంది పసివాళ్లకు పేరు పెట్టిందో లెక్కలేదు. తాత ఊళ్లో లేనప్పుడు సమాధి దగ్గర ప్రార్థన కూడా ఆమే చెప్పేది. జీతం తాతకు వచ్చేది. గుడిలో ముందు వరసలు పెద్దకులాలవాళ్లవి కాబట్టి, పెద్ద పండుగకు విచారణ గుడికి వెళితే ఆమె వెనక నేల మీద కూర్చునేది.

కాటకూంబులో ఆ చిన్న అరలను అమ్మ ఎందుకు తడమబోయిందో నాకప్పుడు అర్థమైంది.

సుమారు 112లో బితీనియ గవర్నరు ప్లినీ చక్రవర్తి ట్రాజన్‌కు రాసిన ఉత్తరం ఉంది. క్రైస్తవుల గురించి నిజం రాబట్టడానికి ఇద్దరు బానిస స్త్రీలను హింస పెట్టించానని అందులో రాశాడు. వాళ్లను తోటివారు మినిస్త్రె అని పిలిచేవారట. డీకను అనే గ్రీకు మాటకు లాటిన్ మాట అది. బానిసలై ఉండి సంఘంలో హోదా ఉన్న ఇద్దరు స్త్రీలు. హోదా ఏమిటో గవర్నరు రాశాడు, పేర్లు రాయలేదు. థియొడోరాకు పేరూ ఉంది, బంగారు గోడా ఉంది, ఆమె హోదాకే మనం అర్థం మారుస్తున్నాం. బానిసలకు పేరే మిగల్లేదు. స్త్రీలందరినీ చరిత్ర ఒకేలా చెరపదు.

ఇంటికి వచ్చాక మా విచారణ శతజయంతి సంచిక తీసి చూశాను. తాత ఫోటో ఉంది, కింద ఆయన పూర్తి పేరు, ఎన్నేళ్లు సేవ చేశారో ఉంది. పక్కన నిలబడిన ఆవిడ కింద 'వారి సతీమణి' అని ఉంది. చరిత్ర పాఠాలు చెప్పే నేను ఆ సంచికను పదేళ్లుగా అల్మరాలో పెట్టుకుని కూడా అక్కడ పేరు లేదని గమనించలేదు. 1986లో స్త్రీశక్తి సంఘటన తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర'ను ఏటా పిల్లలకు పరిచయం చేస్తాను. తెలంగాణ పోరాటంలో స్త్రీలను వాళ్ల నోటితోనే వినాలని చెబుతాను. మా అమ్మను మాత్రం ఎప్పుడూ కూర్చోబెట్టి అడగలేదు.

ఇప్పుడు అడుగుతున్నాను. అమ్మ చెబుతుంది, నేను రాసుకుంటాను. అమ్మమ్మ చేతిమీద జ్ఞానస్నానం పొంది బతికిన ముసలివాళ్లు ఇద్దరు ఇంకా పల్లెలో ఉన్నారు. వాళ్ల దగ్గరికీ వెళ్లాం. ఒకాయన అమ్మమ్మను ఇప్పటికీ 'ఉపదేశమ్మ' అనే అంటాడు. ఉపదేశి గారి భార్య కాబట్టా, ఉపదేశం చెప్పింది కాబట్టా అని అడిగాను. ఆయన నన్ను వింతగా చూసి, "చెప్పింది ఆవిడేగా" అన్నాడు.

రాసుకున్నదంతా సంచిక వేసినవాళ్లకు పంపాను. మళ్లీ అచ్చువేసేటప్పుడు చూద్దామన్నారు. ఈ వ్యాసంలో అమ్మమ్మ పేరు రాస్తానంటే అమ్మ ఒప్పుకోలేదు. "ముందు మన ఊరి పుస్తకంలో పడనీయ్. తర్వాత నువ్వెక్కడైనా రాసుకో" అంది. మా ఇంట్లో ఉన్న సంచికలో మాత్రం 'వారి సతీమణి' అన్న మాటను పెన్నుతో కొట్టేసి, పైన పేరు రాసింది. పేరు పక్కన, కొంచెంసేపు ఆలోచించి, ఉపదేశి అని రాసింది.