తెలుఁగునాట భౌతికశాస్త్రపుఁ బట్టపరీక్ష

తర్కవ్యాకరణములు చదివి, అనుమసముద్రంపేట ప్రాంతమునఁ దెలుఁగు చెప్పి విరమించిన నాకు భౌతికశాస్త్రముతో నేమి పని యని మీ రడుగవచ్చును. మా ప్రాంతపుఁ బిల్లలు బి.యస్‌సి. చదువఁబోయి, సెలవులకు వచ్చినపుడు తమ పుస్తకములలోని మాటల యర్థమును న న్నడుగుదురు. అందుచేత నీ చదువు చరిత్రపై నాకు మక్కువ కలిగినది.

చంద్రశేఖర వెంకట రామన్ బాల్యము విశాఖపట్టణమున గడచెను. తండ్రి చంద్రశేఖరయ్యరుగారు అచ్చటి ఏ.వి.ఎన్. కళాశాలలో గణిత భౌతికశాస్త్రముల యుపన్యాసకులు. ఎఫ్.ఏ. అక్కడనే ముగించినను, బి.ఏ. చదువునకు బాలుఁడు చెన్నపురి ప్రెసిడెన్సీ కళాశాలకుఁ బోయెను. 1904లో భౌతికశాస్త్రమున సువర్ణపతకముతో నుత్తీర్ణుఁ డయ్యెను. అక్కడ స్పెక్ట్రోమీటరుపైఁ బట్టకపుఁ గోణమును గొలుచుచుండఁగా, ఏటవాలుగాఁ బడిన వెలుతురు చారలు ఇరుప్రక్కల సమముగా లేకుండుట యాతని కంటఁ బడెను. ప్రయోగము విద్యార్థు లందఱును జేయునదే! ఆ చారలపై వ్రాసిన వ్యాసము 1906లో ఇంగ్లండున వెలువడు 'ఫిలసాఫికల్ మేగజీను'లో నచ్చయ్యెను. అప్పటి కాతనికిఁ బదునెనిమిదేండ్లు.

1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయము వెలసెను. కలకత్తాలో రామన్ వద్దఁ బనిచేసిన సూరి భగవంతముగారు 1932లో వాల్తేరునకు వచ్చి భౌతికశాస్త్ర బోధనకుఁ బూనుకొనిరి. మా నెల్లూరి సీమకు 1954లో తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయమును, 2008లో నెల్లూరనే విక్రమ సింహపురి విశ్వవిద్యాలయమును దగ్గఱ యయ్యెను. దూరము తగ్గినది, భాష మాట వేఱు.

1968లో తెలుగు అకాడమి యేర్పడి పట్టపుఁ దరగతులకుఁ దెలుఁగు పాఠ్యగ్రంథములను వెలువరించెను. వానిలో ద్రవ్యము, వేగము, గురుత్వము అను మాటలను జూచి నేను మురిసితిని. ఇవి యన్నియు అన్నంభట్టు తర్కసంగ్రహములోనివే. ఐతే తార్కికులకు గురుత్వము మొదటి పతనమునకుఁ గారణమైన గుణము. పృథివీజలములయందు మాత్రమే యుండునది. న్యూటను దానిని సర్వపదార్థములకును జెప్పి, గణితముతోఁ గొలిచి చూపెను. పాఁత మాట యిట్లు క్రొత్త యర్థమును మోయుట నాకు సమ్మతమే.

2021-22 విద్యాసంవత్సరమునుండి ఆంధ్రప్రదేశమున పట్టపుఁ దరగతులు ఆంగ్ల మాధ్యమమునకు మాఱెను. ఉద్యోగములకు మేలనువారి మాట నేను కాదనను. కాని పదవ తరగతివఱకుఁ దెలుఁగునఁ జదివిన పల్లెపిల్లవాఁడు 'మాస్', 'వెయిట్' రెండును బరువే యనుకొని లెక్క తప్పుచున్నాఁడు. మొదటిది ద్రవ్యరాశి, రెండవది భారము. చంద్రునిపై భారము ఆఱవవంతగును, ద్రవ్యరాశి మాఱదు అని చెప్పఁగానే, తప్పిన లెక్కను తానే కొట్టివేసి మరల మొదలిడును.