బాలకార్మికుడెవరు? సికింద్రాబాద్ నుండి వచ్చిన ఒక నిర్వచనం

1986లో వచ్చిన బాలకార్మిక నిషేధ, క్రమబద్ధీకరణ చట్టం బీడీల తయారీ, తివాచీల నేత, అగ్గిపెట్టెలు, బాణాసంచా వంటి పనులలో 14 ఏళ్లలోపు పిల్లలను నియమించరాదని చెప్పింది. నాటి జాబితాలో వ్యవసాయం లేదు. దొడ్డి పశువులను తోలుకుపోయే బాలుడు, చంటిపిల్లను ఎత్తుకొని ఇంటికి కాపలా ఉండే బాలిక ఆ చట్టం దృష్టిలో కార్మికులు కారు. బడికి పోరు కనుక విద్యార్థులూ కారు.

తెలంగాణలో ఇది కొత్త స్థితి కాదు. అప్పు తీర్చలేని కుటుంబం మనిషిని దొర ఇంట జీతం ఉంచే భగేలా పద్ధతిని నియంత్రించడానికి నిజాం కాలంలోనే నిబంధనలు వచ్చాయి. దేశమంతటికీ వర్తించే వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం 1976లో వచ్చింది. అయినా తండ్రి అప్పుకు కొడుకు జీతగాడు కావడం ఆగలేదు.

సికింద్రాబాద్ కేంద్రంగా 1981లో ఏర్పడిన మామిడిపూడి వెంకటరంగయ్య ఫౌండేషన్ 1991 నుండి రంగారెడ్డి జిల్లాలో ఇటువంటి పిల్లల మధ్య పనిచేసింది. ఆంధ్రప్రదేశ్ స్వాతంత్ర్యోద్యమ చరిత్రను నాలుగు సంపుటాలుగా వెలువరించిన చరిత్రకారుని పేరు ఈ పనికి తగినదే. శాంతా సిన్హా నాయకత్వంలో ఆ సంస్థ తీసుకున్న వైఖరి సూటిగా ఉంది: బడి బయట ఉన్న ప్రతి బిడ్డా బాలకార్మికుడే. ప్రమాదకరమైన పని, ప్రమాదం లేని పని అన్న విభజనను అది అంగీకరించలేదు.

ఈ నిర్వచనంతో కారణాల చర్చ కూడా మారింది. అంతవరకు ప్రధాన కారణంగా చెప్పబడినది పేదరికం. పేదరికం వాస్తవమే. కాని ఒకే వాడలో, ఒకే స్థితిలో ఉన్న రెండు కుటుంబాలలో ఒకరి బిడ్డ బడిలోనూ మరొకరి బిడ్డ పొలంలోనూ ఉండడాన్ని అది వివరించలేదు. పదేళ్ల బాలుణ్ణి ఐదేళ్ల పిల్లల పక్కన ఒకటో తరగతిలో కూర్చోబెట్టే బడి, వయసు ధ్రువపత్రం అడిగే బడి, మొదటి తరం విద్యార్థికి తలుపు మూసినట్లే. బ్రిడ్జి కోర్సు శిబిరాలు ఆ తలుపును తెరిచే ప్రయత్నం. అక్కడ కొన్ని నెలలు చదివిన పిల్లలు తమ వయసుకు తగిన తరగతిలో చేరారు. ప్రభుత్వ ఉపాధ్యాయులు బాలకార్మిక విమోచన వేదికగా సంఘటితమై ఇందులో పాలుపంచుకున్నారు.

పేదరికానికి తోడు పిల్లలనే కోరుకునే గిరాకీ కూడా ఉందనడానికి మహబూబ్‌నగర్, కర్నూలు జిల్లాల సీడుపత్తి చేలు నిదర్శనం. సంకర విత్తనం కోసం సాయంత్రం మొగ్గలోని కేసరాలను గిల్లి, మరునాటి ఉదయం మగ పువ్వు పుప్పొడిని దానికి అద్దాలి. మొక్కమొక్కకూ, పువ్వుపువ్వుకూ, నెలల తరబడి చేయవలసిన పని ఇది. దీనికి బాలికల చిన్న వేళ్లే అనువైనవని చెప్పుకునేవారు. పెద్దల కూలి కంటే వారి కూలి తక్కువన్నది అంతగా చెప్పుకోని కారణం. తల్లిదండ్రులకు ముందే ఇచ్చిన బయానా ఆ బాలికను పంటకాలమంతా చేనికి కట్టివేసేది.

శాంతా సిన్హాకు 2003లో మెగసెసే పురస్కారం లభించింది. 2007లో ఆమె జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ తొలి అధ్యక్షురాలయ్యారు. 2009 నాటి విద్యాహక్కు చట్టం 6 నుండి 14 ఏళ్ల వయసువారికి బడిని హక్కు చేసింది. 2016 సవరణ 14 ఏళ్లలోపు పిల్లలను అన్ని పనులలోనూ నిషేధిస్తూనే, బడి వేళల తరువాత, సెలవులలో కుటుంబ వృత్తికి సాయపడడాన్ని మినహాయించింది. ఆ మినహాయింపు కింద చేనులో దిగే బాలిక మళ్లీ ‘సాయపడే బిడ్డ’గానే లెక్కకు వస్తుంది.