గోదావరి ఒడ్డున గాలం



మా లక్సెట్టిపేటలో బడికి సెలవులిచ్చారంటే మగపిల్లల కాళ్లు ఇంట్లో నిలవవు. ఒక వెదురు కర్ర, దానికి దారం, దారం కొసన ఇనుప ముల్లు, నడుమ జొన్నబెండు ముక్క. అంతే, గోదావరి ఒడ్డుకు పరుగు! ఒకసారి మా చిన్నవాడు కూడా అట్లాగే పోయి, పొద్దుగూకే వేళకు వేలెడంత చేపపరకలు నాలుగు పట్టుకొచ్చాడు. "చదువుకునే పిల్లవానికి ఈ పనికిమాలిన పని ఎందుకురా?" అని గట్టిగా కోప్పడ్డాను. తరువాత ఒక పాత గ్రంథం సంగతి తెలిసి, ఆ మాట అన్నందుకు నాకే సిగ్గనిపించింది.

ఆ గ్రంథం పేరు 'మానసోల్లాసం'. రాసినవాడు కళ్యాణి చాళుక్య చక్రవర్తి మూడవ సోమేశ్వరుడు. 1130 ప్రాంతంలో సంస్కృతంలో రాశాడు. అప్పుడు తెలంగాణలో చాలా భాగం ఆ చాళుక్యుల ఏలుబడిలోనే ఉండేది. మన కాకతీయులు వారికి సామంతులు. రాజ్యపాలన, వంటలు, సంగీతం, ఆటలు అన్నీ చెప్పిన ఆ గ్రంథంలో 'మత్స్యవినోదం' అని ఒక అధ్యాయం ఉంది. ఏ చేప ఎక్కడ తిరుగుతుంది, దేనికి ఏ మేత వేయాలి, గాలం ఎట్లా వేయాలి అని అందులో వివరంగా ఉంది. జంతుశాస్త్రవేత్త సుందర్‌లాల్ హోరా 1951లో దీనిమీద వ్యాసం రాసి శాస్త్రజ్ఞుల దృష్టికి తెచ్చారు.

ఇంగ్లండులో గాలం మీద పేరుపొందిన తొలి పుస్తకం అచ్చయింది 1496లో. అంటే మన రాజు రాసిన మూడున్నర శతాబ్దాల తరువాత! దాన్ని జూలియానా బెర్నర్స్ అనే సన్యాసిని రాసిందని చాలాకాలం చెప్పుకున్నారు. రుజువు మాత్రం లేదు.

ఒక తేడా మాత్రం చూడండి. రాజుగారికి గాలం వినోదం. మేత వేయడానికి, ముల్లు కట్టడానికి పక్కన నౌకర్లు. మన ఒడ్డున వల, పడవ కొనలేని ఇంటికి అదే గాలం ఆ పూట కూర. "పిండి ముద్దకు రవ్వ వస్తది, ఎర్రకు జెల్ల వస్తది" అని మా వాడకట్టు పిల్లలు చెప్పేది కూడా రాజు రాసిన విద్యే. వాళ్లకు ఏ పుస్తకమూ నేర్పలేదు. తాతల నోటినుంచి విన్నారు, అంతే.

ఇప్పుడు నది మారింది. ఎగువన పోచంపాడు ఆనకట్టకు 1963లో నెహ్రూగారు శంకుస్థాపన చేశారు. దిగువన ఎల్లంపల్లి బరాజు వచ్చి, దాదాపు ఇరవై టీఎంసీల నీళ్లు నిలబెట్టుకుంది. పంటలకు, తాగడానికి నీళ్లొచ్చాయి, కాదనను. కానీ వరదకు ఎదురీది గుడ్లు పెట్టడానికి పోయే చేపకు దారి మూసుకుపోయింది. ఒకప్పుడు మోకాటిలోతు నీళ్లున్న చోట ఇప్పుడు ఎంత లోతుందో పైకి తెలియదు.

అందుకే పిల్లలను ఒంటరిగా పంపకండి, ఒడ్డు తెలిసిన పెద్దవారిని తోడివ్వండి. వాళ్లు తిరిగొచ్చాక కోప్పడకుండా, ఏయే చేపలు పడ్డాయో పేర్లు అడగండి. రాజు రాసిన సంగతులు గ్రంథంలో భద్రంగా ఉన్నాయి. మన పిల్లల నోట ఉన్నవి మనం అడిగితేనే నిలుస్తాయి.